రాజవ్వ ఆపిన చోటు నుంచి

నవంబర్ 9, శనివారం

నా స్నేహితురాలు క్లారా వాళ్ళింటికి వెళ్ళాను. పోయిన క్రిస్మస్‌కి నేను క్రోషియాతో అల్లి ఇచ్చిన టేబుల్ మ్యాట్ మీద వాళ్ళ కుక్క పడుకుని ఉంది. క్లారా సిగ్గుపడి ఏదో సర్దిచెప్పబోయింది. నాకు కోపం రాలేదు. అంత బరువైన కుక్క కింద ఆ అల్లిక ఎటు సాగిందో, అంచు నిలిచిందో లేదో చూడాలనిపించింది. కుక్క లేస్తుందేమోనని ఇంకో టీ తాగాను. లేవలేదు.

ఈ మధ్య నా వరస ఇదే. ఎవరింటికి వెళ్ళినా దిండు గలీబులు తిరగేసి లోపలి కుట్టు చూస్తాను. చర్చిలో నా చూపు పాస్టరు గారి మీద కన్నా ముందు వరసలో వాళ్ళ చీర లేసు మీదే ఎక్కువ ఉంటుంది. నాతో పెళ్ళిళ్ళకు రావాలంటే భయమంటాడు మా ఆయన మాథ్యూ. పోయినసారి పెళ్ళికూతుర్ని బ్లౌజు మగ్గం వర్కు వెనకవైపు చూపించమని అడిగానట. అడిగాను. ఆ పిల్ల చూపించింది కూడా.

నవంబర్ 10, ఆదివారం, మధ్యాహ్నం

చర్చి అయ్యాక గుట్ట రోడ్డులో వెంకటలక్ష్మి షాపుకి వెళ్ళాను. బ్లౌజులు కుడుతుంది, దారాలు, లైనింగులు, బటన్లు అమ్ముతుంది. అత్తమ్మ శాలువా అంచుకి క్రీమ్ రంగు ఊలు అడిగాను. ఊలు చూపించకుండా ముందు కౌంటర్ కింద నుంచి ఒక క్యారీబ్యాగు తీసి నా ముందు పెట్టింది.

రాజవ్వదట. షాపులో చీరలకు ఫాల్స్ కుట్టే ఆమె. దసరాకు ముందు జ్వరం వచ్చి చనిపోయిందని ఇప్పుడే తెలిసింది నాకు. నా చీరల ఫాల్స్ చాలా వరకు ఆమె కుట్టినవే. గుమ్మం పక్కన కింద కూర్చుని ఎప్పుడూ తల వంచుకునే ఉండేది. ముఖం గుర్తు తెచ్చుకుందామంటే పాపిట మాత్రమే గుర్తొస్తోంది.

పని లేనప్పుడు ఈ ఊలుతో ఏదో అల్లుకునేదట. ఎవరైనా అడిగితే నవ్వి ఒళ్ళో దాచుకునేదట. భర్త రోజూ సాయంత్రం బండి మీద వచ్చి రోడ్డు అవతలే నిలబడేవాడు, షాపులోకి ఎప్పుడూ రాలేదు. ఆమె పోయాక గది ఖాళీ చేసి ఊరెళ్ళిపోయాడు. ఏ ఊరో వెంకటలక్ష్మికి తెలియదు, కొండాపూర్ దిక్కు అని మాత్రం తెలుసు.

"నాకు ఈ ఊలు పని రాదక్కా. పారేద్దామంటే చెయ్యి రాలే. నువ్వైతే అల్లుతవు గద, తీస్కపో" అంది.

తెచ్చుకున్నాను. క్రీమ్ ఊలు కొనడం మర్చిపోయాను.

అదే రోజు, సాయంత్రం

బ్యాగులో ఉన్నవి: కాఫీపొడి రంగు ఊలు ఉండలు, పట్టుకుని పట్టుకుని నున్నగా అరిగిన క్రోషియా హుక్, ఒక చిన్న గొట్టం లాంటి ముక్క, ఇంకొక విచిత్రమైన వస్తువు.

ఆ వస్తువుని మంచం మీద పరిచి ముగ్గురం చూశాం. టీ కెటిల్ తొడుగు అన్నాడు మాథ్యూ. పసిపిల్ల టోపీ, చెవుల దగ్గర తప్పు పోయింది అంది అత్తమ్మ. నేను లోపల చేయి పెట్టాను. బొటనవేలు ఒక సందులోకి సర్రున వెళ్ళింది, చూపుడువేలు ఇంకోదాంట్లోకి, చిటికెనవేలు చివరిదాంట్లోకి.

గ్లవ్. మగవాళ్ళది, పెద్ద చేతికి. గొట్టం ముక్క రెండోదాని మణికట్టు భాగం అన్నమాట.

కానీ మధ్య వేలు, ఉంగరం వేలు చిన్నగా ఉన్నాయి, ఒక కణుపంత. అల్లడం మొదలుపెట్టి ఆపేసినట్టు.

నవంబర్ 12, మంగళవారం, కంపెనీ బస్సులో

మా కంపెనీ ఉన్న గడ్డపోతారం వచ్చేదాకా ఈ గ్లవ్ చూస్తూనే ఉన్నాను. రాస్తుంటే బస్సు కుదుపుకి అక్షరాలు వంకర పోతున్నాయి.

రాజవ్వ చేయి నా చేయి లాంటిది కాదు. నేను వదులుగా అల్లుతాను. ఆమె ప్రతి కుట్టునీ గట్టిగా లాగి బిగించింది, గాలి దూరకుండా. చూపుడువేలు పొడవునా కుట్లు సైన్యంలా నిలబడ్డాయి. అరచేతి దగ్గర ఒక వరస మాత్రం ఒక్కసారిగా వదులైంది, మళ్ళీ బిగిసింది. అక్కడ ఎవరైనా పిలిచారేమో. లేక బండి హారన్ వినిపించిందేమో.

మా క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పనిచేసే నిషిత పక్క సీట్లో కూర్చుంటుంది. ఆన్‌లైన్‌లో గ్లవ్స్ దొరుకుతాయి కదా, పాతదాని కోసం ఇంత రిసెర్చ్ ఎందుకంది. ఆన్‌లైన్ గ్లవ్‌లో హారన్ వినిపించదని చెప్పాను. నా వంక ఓ రకంగా చూసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంది.

నవంబర్ 13, బుధవారం

ఆ గ్లవ్ కుడిచేతిది. ఇన్నాళ్ళూ అరచేతి వైపు పైకి పెట్టి తొడుక్కుని ఎడమది అనుకుంటున్నాను.

నవంబర్ 16, శనివారం

లోపల ఇంకో వింత ఉంది. పొట్టి వేళ్ళు రెండింటి లోపలా గుడ్డ వేసి కుట్టింది. పసుపు రంగు కాటన్, చిన్న చిన్న ఎర్రపూలు, ఉతికి ఉతికి మెత్తబడింది. మిగతా వేళ్ళలో లేదు, ఈ రెండింట్లోనే.

పైగా ఆ రెండు వేళ్ళ కొసలూ మూసేసి ఉన్నాయి. దారం చివరను లోపలికి దాచేసింది, వెతికితే గానీ దొరకలేదు. పని మధ్యలో ఆపితే ఎవరైనా దారం కొసను అంత శ్రద్ధగా దాస్తారా? నేనైతే పిన్నీసు పెట్టి వదిలేస్తాను. బ్యాగులో పెడితే సాగకుండా మూసిందేమో. గుడ్డ కూడా అందుకే అయి ఉంటుంది, షేప్ పోకుండా.

నవంబర్ 17, ఆదివారం

నేను దీన్ని పూర్తిచేస్తాను. భోజనాల దగ్గర చెప్పాను.

అత్తమ్మ తినడం ఆపింది. ఆమె మిషన్ ఆసుపత్రిలో నర్సుగా రిటైరయ్యింది, దేనికైనా ఒక పద్ధతి ఉండాలంటుంది. "పోయినామె పని మనం ముట్టుడెందుకు ఎల్సీ? ఆయన యాడున్నడో అడుగు. ఎట్లున్నది అట్లనే చేతిల పెట్టు" అంది.

నేను వాదించాను. భార్య పోయి మూడు నెలలు కూడా కాలేదు. అతని చేతిలో సగం గ్లవ్ ఎలా పెడతాం? అది చూసినప్పుడల్లా ఆమె ఆగిపోయిన చోటే కనిపిస్తుంది. పూర్తిచేసి ఇస్తే చలికాలం తొడుక్కుంటాడు. ఆమె కోరుకున్నది కూడా అదే కదా.

"ఆమె ఏం కోరుకున్నదో నీకెట్ల ఎరుక?" అంది అత్తమ్మ.

మాథ్యూ ఎవరి వైపూ మాట్లాడకుండా పెరుగు వేసుకున్నాడు.

నవంబర్ 18, సోమవారం, ఉదయం

పొట్టి వేళ్ళ కొసలు విప్పాను. చేయి వణికింది అని రాసుకోవచ్చు కానీ వణకలేదు. నిజానికి సరదాగా ఉంది. ఆమె ఎలా మూసిందో వెనక్కి వెనక్కి వెళ్ళి చూడటం, ఒక్కొక్క కుట్టూ ఊడొస్తుంటే ఓహో ఇలాగా అనుకోవడం. గుడ్డ అడ్డం వస్తుంటే కత్తిరించి తీసేశాను. బటన్ల డబ్బాలో వేశాను, మంచి కాటన్, దేనికైనా పనికొస్తుంది.

నవంబర్ 24, ఆదివారం

నా కుట్టు ఆమె కుట్టు పక్కన పెడితే పల్లెటూరి రోడ్డు వచ్చి హైవేలో కలిసినట్టుంది. విప్పాను. సన్న హుక్‌తో మళ్ళీ అల్లాను. మళ్ళీ విప్పాను. చివరికి ఆమె హుక్‌తోనే ప్రయత్నించాను. హుక్ మీద బొటనవేలు ఆనే చోట ఒక పల్లం పడింది. నా వేలు అక్కడ పెట్టగానే మణికట్టు దానంతటదే కిందికి వంగింది. దారం బిగిసింది.

ఇన్నేళ్ళూ నేను హుక్ పట్టుకునే తీరే వేరు. ఇవాళ కొత్తగా నేర్చుకున్నట్టుంది.

డిసెంబర్ 1, ఆదివారం

మధ్య వేలు అయిపోయింది. మాథ్యూ చేతికి తొడిగి చూశాను, కొలతకి. చాలా బాగుందన్నాడు, తీయనన్నాడు. అన్నం కూడా దానితోనే తింటానంటే లాక్కున్నాను.

డిసెంబర్ 8, ఆదివారం

ఉంగరం వేలు కూడా. కుడి గ్లవ్ పూర్తి. ఎక్కడ ఆమె ఆపిందో, ఎక్కడ నేను మొదలుపెట్టానో వెతికితే నాకే కనబడలేదు. అద్దం ముందు నిలబడి చేయి అటూ ఇటూ తిప్పుకున్నాను. చాలా గర్వంగా ఉంది. ఎడమది మొదలుపెట్టాను.

డిసెంబర్ 14, శనివారం

అత్తమ్మ శాలువా ఇంకా అంచు లేకుండానే ఉంది. ఆమె అడగలేదు. అడగకపోవడమే అడిగినట్టు ఉంది.

డిసెంబర్ 21, శనివారం

రాజవ్వ వాళ్ళు కిరాయికి ఉన్న ఇల్లు దొరికింది. వెంకటలక్ష్మి చెప్పిన సందులో మూడిళ్ళు తిరిగాను. ఓనరు దుర్గాప్రసాద్ గారు గేటు దగ్గరే నిలబడి మాట్లాడారు. భార్యాభర్తలు చాలా నెమ్మది మనుషులు, పిల్లల్లేరు, అతని పేరు మల్లేష్, ఇప్పుడు తల్లి దగ్గర ఉండి అక్కడి నుంచే కంపెనీకి వస్తున్నాడు అన్నారు. ఒక వస్తువు ఇవ్వాలని మాత్రం చెప్పాను. ఫోన్ నంబరు ఇచ్చారు.

ఫోన్ చేశాను. రాజవ్వది ఒక వస్తువు ఇవ్వాలని చెప్పాను. మల్లేష్ ఆదివారాలు ఇంట్లోనే ఉంటానని, ఊరి పేరు చెప్పి, బస్టాపు దగ్గర ఎవరిని అడిగినా చూపిస్తారని చెప్పాడు. ఏం వస్తువని అడగలేదు.

డిసెంబర్ 25, బుధవారం, క్రిస్మస్

అందరికీ గిఫ్టులు ఇచ్చాను. క్లారాకి ఇంకో మ్యాట్, కుక్కకి వేరే మ్యాట్. అత్తమ్మ శాలువా కప్పుకుని చర్చికి వచ్చింది. అంచు తెల్లవారుజామున పూర్తయింది. ఒక మూల వంకర పోయింది, ఆ మూలనే ముందుకు వేసుకుంది, అందరికీ కనబడేలా. ప్రేమతోనో, కచ్చతోనో తెలియదు.

డిసెంబర్ 29, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

చర్చి అయ్యాక మాథ్యూ కారు తీశాడు. అత్తమ్మ తానూ వస్తానంది. ఆ గ్లవ్స్ చూస్తే అతని ముఖం ఎలా ఉంటుందో ఆమెకీ చూడాలని ఉందని నాకు అర్థమైంది, నేనేం అనలేదు. పూర్తయిన గ్లవ్స్ రెండింటినీ బంగారురంగు కాగితంలో చుట్టి రిబ్బన్ కట్టాను. దారిలో పత్తి ఏరేసిన చేలు, మధ్యమధ్య వెంచర్ల బోర్డులు.

మల్లేష్ నలభై దాటినట్టు ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా. వాకిట్లో కుర్చీలు వేసి నిలబడే ఉన్నాడు. ఎండ బాగానే ఉన్నా భుజాల మీద దుప్పటి కప్పుకున్నాడు, కుడిచేయి దాని లోపలే. జ్వరమేమో అనుకున్నాను. వాళ్ళమ్మ శివమ్మ మంచినీళ్ళిచ్చి గుమ్మంలో కూర్చుంది.

షాపు సంగతి, బ్యాగు సంగతి చెప్పాను. రాజవ్వ మీ కోసం ఒకటి అల్లుతూ మధ్యలో ఆపింది, నేను పూర్తిచేశాను అన్నాను. పొట్లం ఇచ్చాను. ఎడమచేత్తో తీసుకున్నాడు. ఎడమచేత్తోనే రిబ్బన్ లాగాడు, పళ్ళతో కాగితం చింపాడు.

గ్లవ్స్ బయటికొచ్చాయి. తిప్పి తిప్పి చూశాడు. తర్వాత దుప్పటి లోంచి కుడిచేయి తీసి తొడుక్కున్నాడు.

మధ్య వేలు, ఉంగరం వేలు ఖాళీగా వేలాడాయి.

వాటిలో పెట్టడానికి అతనికి వేళ్ళు లేవు. ఒక్కో కణుపు దగ్గర ఆగిపోయాయి.

మాథ్యూ నేల చూశాడు. మల్లేష్ చేయి పైకెత్తి అటూ ఇటూ కదిపాడు, ఖాళీ వేళ్ళు ఊగాయి.

"మంచిగున్నది మేడమ్" అన్నాడు. "వేళ్ళు మల్ల వచ్చినయ్."

వెక్కిరింపు కాదు. తిట్టు కూడా కాదు. నాకు సాయం చేద్దామని అన్నాడు, నేను అలా రాయిలా కూర్చుండిపోతే. అది ఇంకా భరించలేకపోయాను.

శివమ్మ లేచొచ్చి కొడుకు పక్కన నిలబడింది. ఖాళీగా ఉన్న రెండు వేళ్ళనీ పట్టుకుని మెల్లగా అరచేతిలోకి మడిచింది. అప్పుడు చెప్పింది. పటాన్‌చెరులో ఒక చిన్న రేకుల ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ మీద పని. వేళ్ళు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు వేరే కంపెనీలో సెక్యూరిటీ. పొద్దున షిఫ్టుకి చీకటితోనే బండి మీద పోవాలి. "సలికి ఆ మొండి కొసలు గుంజుతయమ్మా. సూదులు గుచ్చినట్టు. సాక్సు తొడుక్కొని పోయేటోడు. కోడలు సూడలేకపోయేది."

రాజవ్వ ఆ రెండు వేళ్ళనూ మధ్యలో ఆపలేదు. పూర్తిచేసింది. వాటి పొడవే అంత. మొండి కొసలకు ఒరుసుకోకుండా మెత్తటి గుడ్డ వేసింది. కొస దారం దాచింది, ఎందుకంటే పని అయిపోయింది. అన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. కొలతలు, గుడ్డ, దారం. ల్యాబ్‌లో రిజల్ట్ తేడా వస్తే పరికరాన్ని, సాంపిల్‌ని, అన్నిటినీ అనుమానిస్తాం. ఇక్కడ నేను రాజవ్వని అనుమానించాను. ఆమె పూర్తిచేయలేదని.

నాకు ఎరుక లేదు, విప్పేసిన అన్నాను.

మల్లేష్ గ్లవ్ తీసి మోకాలి మీద పరిచాడు. "ఆమె చేసినప్పుడు ఎట్లుండె?" అని అడిగాడు.

చెప్పాను. పొట్టిగా ఉండేవి, కొసలు గుండ్రంగా మూసి ఉండేవి, లోపల గుడ్డ ఉండేది అని.

"ఏం గుడ్డ?"

పసుపు రంగు మీద ఎర్రపూలు అన్నాను.

అతను తల వంచుకున్నాడు. శివమ్మే చెప్పింది, రాజవ్వ పెళ్ళికి ముందు నుంచీ దాచుకున్న లంగా అని. చింపడానికి ఎవరికీ ఇచ్చేది కాదట, మసిగుడ్డకి అడిగినా.

గుడ్డ నా దగ్గరే ఉంది అన్నాను. మళ్ళీ అలాగే చేసి ఇస్తాను. కానీ కొలత కావాలి. చేయి చూడాలి.

అతను చేయి దుప్పటిలోకి తీసుకున్నాడు. వద్దు మేడమ్, ఇట్లనే ఉండనియ్యుండ్రి, మడిచి తొడుక్కుంట అన్నాడు. రెండుసార్లు అడిగాను. మూడోసారి అడగబోతుంటే అత్తమ్మ నా మోచేయి పట్టుకుని ఆపింది. తన కుర్చీ జరుపుకుని అతని ఎదురుగా కూర్చుంది. అడగలేదు, బతిమాలలేదు. ఒళ్ళో అరచేయి చాపి ఊరికే ఉంది. ఆసుపత్రిలో నొప్పితో మొండికేసేవాళ్ళ దగ్గర అలాగే కూర్చునేదేమో. చలికాలం ఏ టైములో గుంజుతుంది, రాత్రా పొద్దునా, వేణ్ణీళ్ళలో పెడితే తగ్గుతుందా అని అడిగింది. అతను జవాబులు చెప్తూ చెప్తూ చేయి ఆమె చేతిలో పెట్టేశాడు. పెట్టినట్టు అతనికే తెలిసిందో లేదో.

నేను చూశాను. సిగ్గుపడుతూనే చూశాను. మధ్య వేలి కొస చదునుగా ఉంది, ఉంగరం వేలి కొస కొద్దిగా పక్కకి తిరిగింది. రెండింటి మీదా చర్మం పల్చగా, మెరుస్తూ ఉంది. పాత క్యాలెండర్ కాగితం వెనక చేయి పెట్టించి పెన్నుతో చుట్టూ గీశాను. పెన్ను కొసలకు తగిలినప్పుడు అతను ఊపిరి బిగబట్టాడు.

తిరిగి వస్తుంటే కారులో అత్తమ్మ ఒక్క మాట కూడా అనలేదు. చెప్పిన్నా లేదా అనొచ్చు. అంటే బాగుండేది.

డిసెంబర్ 30, సోమవారం

ల్యాబ్‌లో రెండు సాంపిల్స్‌కి లేబుళ్ళు తారుమారు చేశాను. నిషిత చూసి మార్చింది.

జనవరి 1, బుధవారం

కొత్త సంవత్సరం. నేను అల్లిన వేళ్ళు రెండూ విప్పేశాను. ఈసారి సరదాగా లేదు.

జనవరి 4, శనివారం

కష్టం ఎక్కడంటే, గుడ్డని ఆమె ఎలా మడిచి పెట్టిందో నాకు గుర్తు లేదు. తీసేటప్పుడు ఫోటో తీయలేదు. అడ్డం వచ్చిందని కత్తిరించి తీసేశాను, అంతే. మామూలుగా లోపల పెడితే కుట్టు అంచు సరిగ్గా కొసకే తగులుతోంది. నా చూపుడువేలు మడిచి కణుపుతో పరీక్షించాను, గుచ్చుకుంటోంది.

అత్తమ్మ గుమ్మంలో నిలబడి చూసి చూసి లోపలికొచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకుంది. తెగిన వేళ్ళ కొసలకు కట్టు కట్టేటప్పుడు గుడ్డని టోపీలా కోయరాదట, పొడుగు పట్టీలా కోసి పైనుంచి కిందికి వేసి, రెండోది అడ్డంగా వేయాలట. అప్పుడు కుట్టు పక్కలకే పోతుంది, కొస మీద ఏదీ రాదు. చేసి చూపించింది. నా వేలికే కట్టింది.

రాజవ్వ కూడా ఇలాగే చేసిందా? కత్తిరించిన గుడ్డ ముక్కలు డబ్బాలోంచి తీసి పరిచాం. పొడుగ్గా ఉన్నాయి. పట్టీలు. నేను కత్తెర పెట్టిన చోట్లు తప్ప.

ఆమెకి ఎవరు చెప్పారని అడిగాను. "ఎవలు జెప్తరు? రోజూ జూసేది గద ఆ చెయ్యిని" అంది అత్తమ్మ.

జనవరి 7, మంగళవారం

ఊలు చాలలేదు. విప్పి విప్పి అల్లినది పీచులా అయిపోయింది. పటాన్‌చెరు, బీరంగూడ, సంగారెడ్డి అన్నీ తిరిగాను. అదే కంపెనీ, అదే నంబరు, కానీ రంగులో ఒక పిసరు తేడా. ఎర్రదనం ఎక్కువ. వేళ్ళ కొసలు తేడాగా కనిపిస్తాయి. కనిపించనీ. ఎక్కడ ఆమెది, ఎక్కడ నాది అని తెలియాలి.

జనవరి 11, శనివారం

షిఫ్టు దిగి మల్లేషే మా ఇంటికి వచ్చాడు. అత్తమ్మ ఉప్మా పెట్టింది. తొడుక్కున్నాడు. మొండి కొసలు లోపలికి వెళ్ళి కూర్చున్నాయి, చప్పుడు లేకుండా. చేయి మూశాడు, తెరిచాడు, మళ్ళీ మూశాడు. నొక్కుతోందా అని అడిగాను. లేదన్నాడు. ఉంగరం వేలి దగ్గర వదులుందా? లేదన్నాడు. నేను ఇంకా అడుగుతూనే ఉంటే మాథ్యూ ఉప్మా గిన్నె నా చేతిలో పెట్టి వంటింట్లోకి పంపించాడు.

వంటింట్లోంచి వినిపించింది. రాజవ్వ నవ్వి ఒళ్ళో దాచుకునేదని వెంకటలక్ష్మి అన్న మాట మాథ్యూ అతనికి చెప్తున్నాడు. మల్లేష్ ఆ మాట మళ్ళీ చెప్పమన్నాడు.

జనవరి 14, మంగళవారం, ఉదయం

బాగా చలి. కిటికీ అద్దాలకు నీటి చుక్కలు. ఫోన్ మోగింది, మల్లేష్. గేటు దగ్గర డ్యూటీలో ఉన్నాడు, వెనక లారీ చప్పుడు.

"పొద్దుగాల బండి మీద వచ్చిన మేడమ్. గుంజలే."

అంతే చెప్పి పెట్టేశాడు. అత్తమ్మకి చెప్పాను. ఆమె తలూపి కుక్కర్ విజిల్ లెక్కపెట్టుకుంది. కాసేపయ్యాక కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే చూశాను, పొగ అంది. మాది గ్యాస్ పొయ్యి.

ఫిబ్రవరి 2, ఆదివారం

మల్లేష్ ఇంకొకరిని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళ పక్క కంపెనీలో పనిచేసే ఒడిశా అతను. అతనికీ ఒక గ్లవ్ కావాలట, చలి పోవస్తోంది కదా, వచ్చే చలికాలానికైనా ఫరవాలేదన్నాడు మల్లేష్. ఒడిశా అతను జేబులోంచి చేయి తీశాడు. బొటనవేలు లేదు.

గ్లవ్ అల్లికలో మిగతా వేళ్ళ కొలతంతా బొటనవేలి సందు దగ్గర నుంచే మొదలవుతుంది. అది లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి? నాకు వచ్చిన హిందీలో అతన్నే అడిగాను. అతను కూడా ఎప్పుడూ ఆలోచించలేదట. ఇద్దరం ఆ చేయి వంక చూస్తూ కూర్చున్నాం.